ముక్కలు లెక్కపెట్టే డాక్టరుగారు

అందరూ అడిగేది ఒకటే

డబ్లిన్ శివార్లలోని మా బ్లాంచర్డ్స్‌టౌన్‌లో చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఈ మధ్య డబ్లిన్‌లో పేకాట క్లబ్బుల్లో డీలర్లుగా చేరారు. నేను ఆ పనిలోంచి రిటైరయ్యానని ఎవరో చెప్పారట, ఆదివారాలు ఇంటికొస్తారు. కాఫీ పెడతాను. కప్పు సగమయ్యేలోపు ప్రశ్న వచ్చేస్తుంది.

"అంకుల్, నిజం చెప్పండి. బ్లాక్‌జాక్‌లో ముక్కలు లెక్కపెట్టేవాళ్ళని క్యాసినోవాళ్ళు మోసం చేస్తారంట కదా?"

చెయ్యరు అంటే మొహాలు వాడిపోతాయి. ఏదో దాస్తున్నానని ఒకరినొకరు చూసుకుంటారు. చేస్తారు అని ఒక్క మాటంటే చాలు, ఇంకో కప్పు కాఫీ కూడా తాగుతారు. విసుగొచ్చి ఈ నాలుగు ముక్కలూ రాసి పెడుతున్నాను. చదువుకుని, ఆదివారం వచ్చినప్పుడు వేరే ఏదైనా అడగండి.

నా సంగతి ఎక్కువ చెప్పను. మాది విశాఖపట్నం. హోటల్ పని నేర్చుకుని ప్రయాణికుల ఓడ ఎక్కాను. అక్కడ వంటింట్లోంచి క్యాసినోలోకి మార్చారు. పెళ్ళి చేసుకోవాల్సిన వయసంతా సముద్రం మీదే గడిచిపోయింది. ఐర్లండ్‌లో డబ్బు పొంగుతున్న రోజుల్లో ఓడ దిగి డబ్లిన్‌లో ఒక క్లబ్బులో చేరాను. ఇక్కడ చట్టంలో క్యాసినో అనే మాటకి చోటు లేదు కాబట్టి అందరూ క్లబ్బులే. మెంబర్‌షిప్ కార్డు చూపించి లోపలికి రావాలి. డీలరుగా కొంతకాలం పంచాను, తర్వాత డీలర్ల వెనక నిలబడి టేబుళ్ళు చూసే ఇన్‌స్పెక్టర్‌ని అయ్యాను. జీతం, ప్రమోషన్ల కథ ఇంతే.

ఆట ఏమిటంటే

ముక్కల మొత్తం ఇరవయ్యొకటికి దగ్గరగా రావాలి, దాటకూడదు. డీలరుకంటే మనదే దగ్గరైతే గెలిచాం. ఆరు కట్టలు కలిపి ఒక పెట్టెలో పెడతాం, దాన్ని షూ అంటారు. ఆ పెట్టెలో పెద్ద ముక్కలు, అంటే పదులు, రాజులు, రాణులు, ఆసులు ఎక్కువ మిగిలి ఉంటే ఆడేవాడికి మంచిది. చిన్న ముక్కలు మిగిలితే మాకు మంచిది. లెక్కపెట్టేవాడు చేసేదంతా ఇంతే. చిన్న ముక్క బయటికొస్తే ఒకటి కూడతాడు, పెద్దది వస్తే ఒకటి తీసేస్తాడు. లెక్క బాగా పెరిగినప్పుడు పందెం పెంచుతాడు.

ఇదేదో మహా విద్య అనుకుంటారు. మన ఇళ్ళలో రమ్మీ ఆడే ప్రతి బాబాయీ ఎవరు ఏ ముక్క పడేశారో గుర్తుపెట్టుకునే ఆడతాడు. దానికి ఎవరూ ఆయన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టరు. మేం వెళ్ళగొడతాం, తేడా అక్కడుంది.

చెయ్యి తిరిగినవాడు

మా మేనేజర్ పేరు డెక్లాన్. గుర్రప్పందేల దగ్గర పెరిగిన మనిషి. బొద్దుగా ఉంటాడు, మెత్తగా మాట్లాడతాడు, ఏమడిగినా "గ్రాండ్", అంటే భేషుగ్గా ఉంది, అంటాడు. క్లబ్బు తగలబడుతోందని చెప్పినా ముందు గ్రాండ్ అనే తర్వాత బకెట్ వెతుకుతాడని మేం నవ్వుకునేవాళ్ళం. ఇప్పటికీ నేను చూసిన పెద్దమనుషుల్లో అతనొకడు.

చేరిన కొత్తలో నేనూ మీరడిగిన ప్రశ్నే అతన్ని అడిగాను. ఓడ మీద ఒకతను పైముక్క ఆపుకుని రెండో ముక్క పంచడం నాకు చూపించాడు, ఇక్కడ కూడా అలాంటివి ఉన్నాయా అని.

"రావ్, అలా పంచగలిగేవాణ్ణి నేను పనిలో పెట్టుకుంటాననుకున్నావా?" అన్నాడు డెక్లాన్. "నా కోసం దొంగిలించగలిగినవాడు నా దగ్గర కూడా దొంగిలిస్తాడు. వాణ్ణి చూసుకోవడానికి ఇంకొకణ్ణి పెట్టాలి. నాకెందుకొచ్చిన గోల? ఆట దానంతటదే మనకి పెడుతోంది కదా, భోజనం."

ఇన్నేళ్ళలో ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు. అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని నేను ఒట్టు వెయ్యను. ఓడ మీద నాకు ఆ విద్య చూపించినవాణ్ణి తర్వాతి రేవులోనే దింపేశారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. కానీ మా క్లబ్బులో ముక్క మార్చడం నేను చూడలేదు.

అలాగని మేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. మా చేతిలో ఒక పసుపు ప్లాస్టిక్ కార్డు ఉండేది. ముక్కలు కలిపాక దాన్ని పెట్టెలో వెనకవైపు ఎక్కడో దూరుస్తాం. పంచుతూ పంచుతూ అది బయటపడితే ఆట ఆపి మళ్ళీ కలుపుతాం. లెక్కపెట్టేవాడి లెక్క పెట్టె చివరికొచ్చేసరికి పండుతుంది. అందుకని వాడెవడో తెలిస్తే ఆ కార్డుని మధ్యకి జరుపుతాం. పండేలోపు కలిపేస్తాం. వాడు కష్టపడి కూడినదంతా గాలికి పోతుంది. అప్పటికీ వాడు లేవకపోతే, ఇక మా క్లబ్బుకి రావద్దని చెప్పి తలుపుదాకా దిగబెడతాం.

పెదవులు కదిపినాయన

మీరు ఈ పనిలో చెయ్యబోయే మొదటి తప్పు ఇదే కాబట్టి చెబుతున్నాను.

ఒకాయన వచ్చేవాడు, ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు. ఆ రోజుల్లో డబ్లిన్‌లో ఎటు చూసినా క్రేన్లే. నదికి అటూ ఇటూ పాత రేవు ప్రాంతం, డాక్‌ల్యాండ్స్ అంతా తవ్వి పోశారు. కాంట్రాక్టర్లు బూట్లకి మట్టితోనే లోపలికొచ్చేవాళ్ళు, మేం ఏమీ అనేవాళ్ళం కాదు. ఈయన మాత్రం ముక్కలకేసి గుడ్లప్పగించి చూసేవాడు. నుదురు చిట్లించేవాడు. పెదవులు కదిపేవాడు. ఉన్నట్టుండి పందెం పెంచేవాడు. లెక్కపెట్టేవాడి లక్షణాలన్నీ పుస్తకంలో రాసినట్టు ఉన్నాయని మేమంతా తీర్మానించుకుని కార్డు జరిపాం, డీలర్లని మార్చాం, నానా హంగామా చేశాం. ఆయన అసలు గెలుస్తున్నాడా అని చూడాలని ఎవరికీ తోచలేదు. పాపం, ఏడు, ఎనిమిది కలిపితే ఎంతో కూడుకోవడానికే ఆయనకి అంత కష్టం.

"మన గణిత మేధావి మళ్ళీ వచ్చాడు," అని డెక్లాన్ తర్వాత చాలాకాలం ఏడిపించేవాడు మమ్మల్ని.

నిజంగా లెక్కపెట్టేవాళ్ళు లెక్కపెడుతున్నట్టు కనబడరు. హాయిగా కబుర్లు చెబుతారు, టీ అడుగుతారు, పక్కవాడి పిల్లల పేర్లు కనుక్కుంటారు. మొహం చూస్తే మీకు ఏమీ తెలియదు.

ఇంగ్లీషు మాత్రమే

టేబుల్ దగ్గర ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని ఒక రూలు. డీలరూ ఆటగాడూ ఇంకెవరికీ తెలియని భాషలో సైగ చేసుకుంటారని భయం. క్లబ్బు బయట కూడా ఆటగాళ్ళతో స్నేహాలు కూడదని ఇంకో రూలు. రెండూ మంచి రూళ్ళే. నేనే కొత్తవాళ్ళకి అప్పజెప్పించేవాణ్ణి.

లువాస్ ట్రామ్ కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. కాటన్ చీర మీద మోకాళ్ళ దాకా ఉన్నికోటు. మెంబర్‌షిప్ కార్డు మీద డాక్టర్ సుజాత అని ఉంది. నగరంలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది, వారానికొకసారి డ్యూటీ లేని మధ్యాహ్నం వచ్చేది. నా చొక్కా మీద రావు అనే పేరు చదివి, కూర్చోగానే అడిగింది.

"మీరు తెలుగోళ్ళా?"

అప్పటికి నేను తెలుగు విని ఎన్నాళ్ళయిందో. టెలిఫోన్ కార్డు కొనుక్కుని మా అక్కయ్యతో మాట్లాడడం తప్పితే ఊళ్ళో నాకు ఒక్క తెలుగు ఇల్లు తెలియదు. వరంగల్ వైపు యాస అది. మాది విశాఖ, మా మాటకీ ఆ మాటకీ పొంతన లేదు. అయినా ఇంకో రెండు మాటలు వినాలనిపించింది. నేను మాత్రం వీపు నిటారుగా పెట్టి, "టేబుల్ దగ్గర ఇంగ్లీషే మాట్లాడాలి, మేడం," అని ఇంగ్లీషులో అన్నాను.

ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. నవ్వి, తలూపి, అప్పట్నుంచి ఇంగ్లీషులోనే మాట్లాడింది. కానీ ఆ ఇంగ్లీషు ఏమిటనుకున్నారు? వచ్చి కోటు విప్పుతూనే, అన్నం తిన్నారా అని ఇంగ్లీషులో అడిగేది. ఏం కూర అని అడిగేది. ఒంట్లో బాగుందా, అలా చిక్కిపోయారేంటి అని అడిగేది. ప్రతి మాటా ఇంగ్లీషే, ఒక్క మాట కూడా ఇంగ్లీషు కాదు. నేనూ వంకాయ అనీ పప్పు అనీ ఇంగ్లీషులో అప్పజెప్పేవాణ్ణి. వంకాయని ఇంగ్లీషులో చెప్పడం ఎంత బాధో అప్పుడు తెలిసింది.

"ఆ డాక్టరు ఎప్పుడు చూసినా నిన్ను అన్నం గురించి అడుగుతుందేమిటి?" అన్నాడు డెక్లాన్ ఒకరోజు.

"మా దగ్గర పలకరింపు అలాగే ఉంటుంది," అన్నాను.

"వాతావరణం గురించి అడగరా?"

"అడగం."

"పాపం," అన్నాడు, నిజంగానే జాలిపడుతూ.

సోమవారం నుంచి నేను ఆవిడ వచ్చే రోజుకోసం చూసేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా ఆ రోజుకని దాచుకునేవాణ్ణి. నలభై దాటిన మనిషిని, నన్ను చూసి నాకే నవ్వొచ్చేది. అయినా దాచుకునేవాణ్ణి.

బొటనవేలు

కెమెరా గదిలో కూర్చునేవాళ్ళకి ఆవిడ మీద ఏ అనుమానమూ లేదు. కబుర్లు చెబుతుంది, టీ తాగుతుంది, చిన్న పందేలు వేస్తుంది. ఒక్కటే చిత్రం. ఎడమ చెయ్యి టేబుల్ అంచున మెత్త మీద పెట్టుకుని, బొటనవేలిని మిగతా వేళ్ళ మీద నడిపిస్తూ ఉంటుంది. అది చూసి డెక్లాన్ ఆవిడంటే భక్తి పెంచుకున్నాడు. వాళ్ళమ్మ కూడా జపమాల అలాగే తిప్పుతుందట.

"ప్రార్థన చేసుకుంటోంది. మంచి మనిషి. ఆవిడ టీతో పాటు బిస్కెట్లు కూడా పెట్టమను," అన్నాడు.

ఆ చెయ్యి నాకు తెలుసు. మా అమ్మ చాకలి పద్దు అలాగే వేసేది, మేష్టారు హెచ్చవేతలు అలాగే నేర్పారు. మనం వేలికి ఒకటి చొప్పున లెక్కపెట్టం, కణుపుకి ఒకటి చొప్పున లెక్కపెడతాం. ఆవిడ వచ్చిన కొత్తల్లోనే రెండు మధ్యాహ్నాలు వెనక నిలబడి చూశాను. చిన్న ముక్క పడితే బొటనవేలు ఒక కణుపు పైకెక్కుతోంది. పెద్ద ముక్క పడితే ఒక కణుపు వెనక్కొస్తోంది. ఒక్కసారి కూడా తప్పలేదు.

పైన అన్ని కెమెరాలున్నాయి, ఐరిష్ వాళ్ళు, పోలండ్ వాళ్ళు, ఎంతమంది చూశారో. నాకొక్కడికే అర్థమైంది. ఆవిడ చేసిన పొరపాటు కూడా మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు.

వెళ్ళి డెక్లాన్‌కి చెప్పాను. ఆ రోజు సాయంత్రమే చెప్పాను. చెప్పడం నా పని. చెబితే ఏమవుతుందో తెలిసీ మెట్లెక్కి చెప్పాను.

డెక్లాన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పడీ పడీ నవ్వాడు. "నేను బిస్కెట్లు పెట్టించాను కదయ్యా," అన్నాడు. తర్వాత అడిగాడు. "ఎంత పెడుతోంది?"

"అన్నిటికంటే చిన్న పందెం. దాని మీద ఇంకొకటి వేసిన రోజు లేదు."

"ఎందుకని మరి లెక్కపెట్టడం?"

"ఏమో. సరదాకేమో."

"అయితే గ్రాండ్. ఉండనీ. ఆవిడ వల్ల నాకు పోయేదేమీ లేదు. పందెం పెంచిన రోజు చెప్పు. ఆ రోజు ఆవిడకి చెప్పేది కూడా నువ్వే. మీ భాషలో చెప్పు, ఆవిడ నొచ్చుకోకుండా."

అప్పట్నుంచి నేను ఆవిడ ముక్కలు చూడడం మానేసి పందెం చూడడం మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి పందెం కాసే చిప్పుల మీదికి వెళ్ళినప్పుడల్లా ఎన్ని తీస్తుందో లెక్కపెట్టేవాణ్ణి. ఒక్క చిప్పు పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంటే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. పెంచకండి డాక్టరుగారూ, మీరు పెంచిన రోజు నేను మిమ్మల్ని పంపించెయ్యాలి అని లోపల తెలుగులో అనుకునేవాణ్ణి. పైకి అనడానికి లేదు. ఆటగాడికి హెచ్చరిక చేస్తే అదే నిజమైన మోసం, క్లబ్బుకి నేను చేసే మోసం.

ఒక చలికాలం అలా గడిచింది. నా ఉద్యోగంలో సుఖంగా ఉన్న రోజులంటే అవే.

పందెం పెరిగింది

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం లెక్క బాగా పండింది. నాకు తెలుసు, నేనూ వెనక నిలబడి కణుపులు చూస్తున్నాను. ఆవిడ ముందున్న చిప్పుల దొంతరంతా ఎత్తి లోపలికి జరిపింది. డీలరు పిల్ల నాకేసి చూసింది. నేను పైకి కెమెరాకేసి చూశాను. కిందికి దిగొచ్చిన డెక్లాన్ మొహంలో నవ్వు లేదు.

"కార్డు జరుపు. కొన్నాళ్ళు చూద్దాం," అన్నాడు.

జరిపాం. ఆవిడ వచ్చిన ప్రతిసారీ, లెక్క కాస్త పెరగగానే పెద్ద పందేలు వేసింది. లెక్క పండేలోపు మేం ముక్కలు కలిపేశాం. దానికి తోడు ఆవిడ గ్రహచారం కూడా బాగోలేదు, ఇరవై చేతిలో పెట్టుకుని డీలరు ఇరవయ్యొకటికి ఓడిపోయింది ఎన్నోసార్లు. లెక్కపెట్టేవాళ్ళు మరిచిపోయేది ఇదే. లెక్క తప్పకపోయినా ఓడిపోయే రోజులు ఉంటాయి, అవి వరసగా కూడా వస్తాయి. బయట జనం మోసం మోసం అనేదాంట్లో చాలాభాగం ఇలాంటి రోజులే.

ఆవిడ అన్నం గురించి అడగడం మానేసింది. మొహం పాలిపోయింది. చివరి మధ్యాహ్నం ఇంకోసారి ఓడిపోయాక తలెత్తి, ఇంగ్లీషులో, టేబుల్ అంతా వినేలాగా అడిగింది నన్ను.

"మీరు నన్ను మోసం చేస్తున్నారా?"

డీలరు పిల్ల పంచడం ఆపేసింది. డెక్లాన్ దూరం నుంచి నాకేసి చూసి తలూపాడు.

తలుపు దగ్గర

కోటు అందించి ఆవిడతో పాటు మెట్లు దిగాను. వీధి తలుపు తెరిచేసరికి బయట సన్నగా వాన. సిగరెట్లు కాల్చుకునేవాళ్ళు చూరు కింద నిలబడి ఉన్నారు. కొంచెం పక్కకి జరిగి నిలబడ్డాం.

"ఇప్పుడన్న తెలుగుల మాట్లాడొచ్చా?" అంది.

"మాట్లాడొచ్చండి. మిమ్మల్ని ఇక క్లబ్బుకి రావద్దని చెప్పమన్నారు."

"అయితే నిజం చెప్పుండ్రి. మోసం చేసిన్రా?"

"ముక్కలు మార్చలేదండి. మీరు లెక్కపెడుతున్నారని తెలిసి ఆ పసుపు కార్డు ముందుకి జరిపాం. సగంలోనే కలిపేస్తున్నాం. మీ లెక్క పండటం లేదు."

"గది మోసం కాదా?"

"రూల్లో ఉందండి."

"రూల్ల ఉన్నదా అని అడుగుతలేను."

మీకూ ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఆడేవాళ్ళకి చెప్పకుండా జరిపాం. దాన్ని ఏమంటారో మీ ఇష్టం. ఆవిడే నవ్వేసింది.

"నేను సుత మీకు చెప్పకుంటనే లెక్కపెట్టిన కదా. చెల్లుకు చెల్లు. నేను లెక్కపెడ్తున్నట్టు ఎట్ల తెలిసింది?"

నా ఎడమ చెయ్యి ఎత్తి, బొటనవేలు కణుపుల మీద నడిపించి చూపించాను. ఆవిడ తన చేతికేసి ఎవరిదో చూసినట్టు చూసుకుంది.

"మా బాపు నేర్పిండు," అంది. "పత్తాలాటల ఎవరేం పడేసిన్రో యాది పెట్టుకోనీకి. ఆదివారం మనోళ్ళ ఇండ్లకు పోతే పెండ్లెందుకు చేసుకోలేదని అడుగుతరు. ఇక్కడ ఎవ్వరు అడగరు, బాపు పక్కన కూసున్నట్టు ఉంటది. అందుకే వచ్చిన. జులైల డబ్లిన్ ఇడిసిపెట్టి లెటర్‌కెన్నీ ఊర్ల ఆసుపత్రికి పోతున్న. పోయేముందు నా లెక్క నిజమో కాదో ఒక్కసారన్న చూద్దామని పెద్దగ ఆడిన."

"మీ లెక్క నిజమేనండి. ఒక్కసారి కూడా తప్పలేదు," అన్నాను.

ఆ మాటకి ఆవిడ మొహంలో వచ్చిన వెలుగు చెప్పలేను. కోటు మెడ పైకి లాక్కుని అడిగింది.

"మీకు ఎన్నడు తెలిసింది?"

"మీరొచ్చిన కొత్తల్లోనే."

"మీ సార్‌కు?"

"అప్పుడే చెప్పానండి."

"మరి గిన్ని దినాలు ఎందుకు రానిచ్చిన్రు?"

"మీవి చిన్న పందేలు కదండీ. క్లబ్బుకి నష్టం లేదు."

ఆవిడ వెంటనే వెళ్ళిపోలేదు. కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంది. నెమ్మదిగా పెట్టుకుంది. క్లబ్బుకి రావద్దని చెప్పేశాను కాబట్టి ఆవిడ ఇక ఆటగాళ్ళ లెక్కలోకి రాదు, నన్ను ఆపే రూలు ఒక్కటి కూడా లేదు. అది నాకు ఆ క్షణంలో తట్టలేదు. ఆవిడకి తట్టిందనుకుంటాను.

"గంతేనా?" అంది.

"అంతేనండి," అన్నాను.

తలూపి, లువాస్ స్టాపువైపు వెళ్ళిపోయింది. డెక్లాన్ పైన కనబడి, ఆవిడ ఎలా ఉంది అని అడిగాడు. గ్రాండ్ అన్నాను.

అంతే కాదు. ఆవిడ వచ్చే రోజుకోసం నేను మిగతా వారమంతా బతికేవాణ్ణి. ఆ మాట ఆవిడకి చెప్పడానికి నాకు తెలుగు ఉంది, వీధి ఉంది, వాన తగ్గేదాకా టైముంది. రిటైరయ్యేదాకా మధ్యాహ్నం పూట ఆ తలుపు చప్పుడైతే చాలు, టేబుల్ వదిలేసి అటు చూసేవాణ్ణి.